మెట్ల మీద చుక్క

అక్టోబరు 2, ఆదివారం

బదూర్ ఫోను బోర్లా పెడుతోంది.

ఇంత చిన్న సంగతి రాసుకోవడానికి రవ్వ డబ్బాలోంచి ఈ పుస్తకం బయటికి తీశానంటే నాకే నవ్వొస్తోంది. వేసవి నుంచి ఇందులో ఒక్క ముక్క రాయలేదు. కానీ ఎవరితో చెప్పను? నిన్న మొన్నటిదాకా ఆ ఫోను అన్నం దగ్గర కంచం పక్కనే వెల్లకిలా పడి ఉండేది. స్నేహితురాళ్ళ పిచ్చి రాతలన్నీ మాకు చదివి వినిపించి, మేం నవ్వకపోతే అలిగేది కూడా. ఇప్పుడు బోర్లా. తాళం అంకెలు కూడా మార్చేసింది. నేను కావాలని చూడలేదు. టైమెంతైందో చూద్దామని తీశాను. గోడకి గడియారం ఉన్న మాట నిజమే.

పదహారేళ్ళ పిల్ల. వచ్చే ఏడు తౌజీహీ, బడి చదువు ముగించే పెద్ద పరీక్ష. ఫోను నేను కొనిచ్చిందే, నంబరు మా అత్తగారిది. ఆవిడ పోయాక ఆ నంబరు వదులుకోవడానికి మా ఆయన మున్జిర్‌కి మనసొప్పలేదు. పిల్లకి పేరు ఎలాగూ ఆవిడదే, బద్రియ్య, నంబరూ దానికే పోనీ అన్నాడు. పాతకాలపు పేరని బడిలో వెక్కిరిస్తారని అది బదూర్ అయింది.

మందుల షాపులో ఖౌలాతో చెప్పాను. నాతో పాటు కౌంటర్లో ఉంటుంది, నలుగురు ఆడపిల్లల తల్లి. నా మాట పూర్తవకముందే తన ఫోను నా ముక్కు కింద పెట్టింది. మ్యాపు మీద నాలుగు రంగుల చుక్కలు.

"చూడు, నా గొర్రెలు నాలుగూ మేతలో ఉన్నాయి. నువ్వేమో ఇంకా పిల్ల కళ్ళలోకి చూసి కనిపెడదామనుకుంటున్నావు. కళ్ళు అబద్ధం చెప్తాయి తల్లీ, చుక్క చెప్పదు."

అక్టోబరు 4, మంగళవారం

నాలుగున్నరకి వచ్చింది. గ్రంథాలయంలో చదువుకున్నానంది. బూట్ల నిండా తెల్లటి రాతి దుమ్ము. గ్రంథాలయంలో రాళ్ళు కొడుతున్నారేమో.

మున్జిర్ బల్ల దగ్గర కూర్చుని ఊరగాయకి పచ్చి ఆలివ్ కాయలు రాయితో చితక్కొడుతున్నాడు. ఆయన భూమి కొలిచే ఆఫీసులో సర్వేయరు, కాయలు కూడా కొలిచినట్టే కొడతాడు, ఒక్కోదానికి ఒకే దెబ్బ. ఖౌలా చెప్పిన యాప్ సంగతి ఎత్తాను.

"దాని గది తలుపు మనం తట్టి లోపలికి వెళ్తామా లేదా?" అన్నాడు.

"తట్టే వెళ్తాం."

"మరిదేంటి? తలుపు తట్టే మర్యాదస్తులం, గోడకి కన్నం పెడతామా?"

"కన్నం కాదు, కిటికీ అనుకో."

"కిటికీ అయితే అటువాళ్ళకి మనం కూడా కనిపిస్తాం సుహైర్."

నాకు ఒళ్ళు మండింది. "దానికి జరగరానిది ఏదైనా జరిగితే నీ మర్యాద ఎక్కడ పెట్టుకుంటావ్? ఈ ఊరగాయ జాడీలోనా?"

ఆయన రాయి పక్కన పెట్టాడు.  చివరికి "ఒక్క వారం. దాని ప్రాణానికి ముప్పు కనబడితే తప్ప ఇద్దరం నోరెత్తకూడదు. వారం కాగానే తీసెయ్యాలి" అన్నాడు.

ఒప్పుకున్నాను. గెలిచినట్టు అనిపించలేదు.

అక్టోబరు 6, గురువారం

అది స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టేశాం. ఫోను ఛార్జింగుకి పెట్టి వెళ్ళింది. కొత్త తాళం దాని పుట్టిన రోజు. మరీ ఇంత తేలికైన తాళమా అని నాకు దాని మీదే కోపం వచ్చింది. మా ఇద్దరి ఫోన్లలోనూ దాని చుక్క కనిపిస్తుంది, నీలం. ఎవరైనా దానికి మెసేజ్ పంపితే మొదటి రెండు వాక్యాలు నాకూ వస్తాయి. అది తిరిగి ఏం రాసిందో రాదు.

మున్జిర్ చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

అక్టోబరు 9, ఆదివారం

శుక్ర, శనివారాల సెలవు అయిపోయింది, ఇవాళ మళ్ళీ బడి. రెండూ యాభైకి చుక్క స్కూలు గేటు దాటింది. గ్రంథాలయం వైపు వెళ్ళలేదు. లువైబ్దే కొండెక్కింది. ఎక్కి, కింది వీధిని పై వీధితో కలిపే రాతి మెట్ల మీద ఆగింది. ఇంట్లో కాదు, షాపులో కాదు. మెట్ల మీదే, గంటా పది నిమిషాలు.

అమ్మాన్ మెట్ల మీద మధ్యాహ్నం పూట ఎవరు కూర్చుంటారో నాకు తెలియదా? గింజలు నవిలే కుర్రాళ్ళు, బడి సంచులు పక్కన పెట్టుకున్న జంటలు. నేనూ ఒకప్పుడు ఈ ఊళ్ళో ఆడపిల్లనే.

నాలుగూ ఐదుకి మెసేజ్. పంపినవాళ్ళ పేరు "గడప" అని ఉంది. అదేం పేరు?

"అమ్మా, చలేస్తోంది. కోటు మర్చిపోకు."

మున్జిర్‌కి చూపించాను. మెసేజ్ సరిగ్గా చూడను కూడా చూడలేదు, మ్యాపే చూశాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, మళ్ళీ పెద్దది చేశాడు. "పగటి పూటేగా. వీధిలోనేగా" అన్నాడు. కంచంలో అన్నం అలాగే వదిలేశాడు.

అక్టోబరు 10, సోమవారం

పొద్దున్నే "నా ఫోన్లో తీసేశాను. నువ్వూ తీసెయ్. పిల్లని నమ్మాలి" అన్నాడు.

"వారం అన్నావుగా. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?"

"నేనే మారాను. చాలదా?"

సాయంత్రం తీసేస్తానన్నాను.

అక్టోబరు 11, మంగళవారం

ఇవాళ ఒక్కరోజు చూసి తీసేస్తాను.

మళ్ళీ అవే మెట్లు. మళ్ళీ "గడప".

"అమ్మా, నేను తిన్నాను. నువ్వు తిన్నావా?"

అక్టోబరు 12, బుధవారం

తీసెయ్యలేదు.

అక్టోబరు 16, ఆదివారం

ఇవాళ షాపులో జనం లేరు. చీటీ వెనక రాసుకుంటూ తేల్చేశాను.

రాసేది కుర్రాడు కాదు. కుర్రాడు అమ్మా అనడు. స్నేహితురాలు అనదు, టీచరు అనదు. మనం పిల్లల్ని మన వరసతోనే కదా పిలుస్తాం. నేను దాన్ని అమ్మా అంటాను, మున్జిర్ నాన్నా అంటాడు. పిన్ని అయితే పిన్నీ అంటుంది, మేనత్త అయితే అత్తా అంటుంది. అమ్మా అని రాసిందంటే తల్లి చోటు తీసుకున్న ఆడది అన్నమాట. నేను కాదు. ఇంక మిగిలింది ఒక్కతే, ఆ కుర్రాడి తల్లి. మెట్ల మీద కూర్చోబెట్టి నా పిల్లని కోడలిగా ఖాయం చేసుకుంటోంది.

పైగా చదువుకున్న మనిషి. ఒక్క అక్షరం తప్పు పోదు. ఎక్కడ ఏ గుర్తు పెట్టాలో అక్కడ పెడుతుంది.

మూడింటికి వచ్చిన మెసేజ్‌తో అనుమానం కూడా మిగల్లేదు. "అమ్మా, జడ సంగతి మర్చిపోకు."

సంబంధం చూసేవాళ్ళు చూసేది జుట్టే. మా అత్తగారు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ముద్దు పెట్టుకునే వంకతో నా జడ పట్టుకుని ఒక్క లాగు లాగింది, సవరం కాదని తేల్చుకోడానికి. తల నెప్పి పుట్టింది. తర్వాత ఆవిడంత ప్రేమగా నన్ను ఎవరూ చూసుకోలేదనుకో.

లెక్క ఇంత శుభ్రంగా కుదిరాక తప్పయ్యే అవకాశం లేదు.

అక్టోబరు 18, మంగళవారం

ఎవరో ఒకావిడ నా కూతుర్ని చలేస్తోందా, తిన్నావా అని అడుగుతోంది. నేను ఎప్పుడడిగాను? "తిన్నావా" అని అడుగుతాను, సింకు వైపు తిరిగి. ఎవరో తెలియని మనిషి మీద ఇంత అసూయ నాలో ఉందని నాకు తెలియదు.

రాత్రి భోజనం దగ్గర బదూర్ అడిగింది. "అమ్మా, జ్ఞాపకశక్తికి మందు ఉందా?"

"పరీక్షలకా? నిద్రపో, అక్రోటు తిను, ఆ ఫోను తగ్గించు."

"పోయిన జ్ఞాపకం తిరిగొచ్చే మందు ఉందా అని."

"చదివితే కదే గుర్తుండటానికి!"

మున్జిర్ తలెత్తి దాని వైపు చూశాడు. అది తల దించుకుంది. నేనే ఎక్కువ మాట్లాడానేమో.

అక్టోబరు 21, శుక్రవారం

"గడప" అంటే లువైబ్దేలో కొత్తగా పెట్టిన కాఫీ హోటలయి ఉంటుందని ఖౌలా అంది. "అక్కడన్నీ అలాంటి పేర్లే. కిటికీ, వాకిలి, అటక. ఇల్లు లేనివాళ్ళంతా హోటళ్ళకి ఇంటి పేర్లు పెడుతున్నారు." నేను వెతికాను, అలాంటి హోటలు దొరకలేదు.

గడప అనే మాట వింటే నాకు వేరేది గుర్తొస్తుంది. దాని గురించి ఇక్కడ రాయను.

భోజనాల దగ్గర వల వేశాను. "లువైబ్దేలో కాఫీ బాగుంటుందట కదా బదూర్?"

దాని చెయ్యి గిన్నె మీద ఆగింది. "నేను కాఫీ తాగను కదమ్మా."

"సుహైర్, పెరుగందుకో" అన్నాడు మున్జిర్. పెరుగు ఆయన ముందే ఉంది.

అక్టోబరు 30, ఆదివారం

తీసెయ్యలేదు. ఎల్లుండి సెలవు అడిగాను. ఖౌలా "నేనూ రానా? ఆ కాబోయే అత్తగారికి రెండు తగిలిద్దాం" అంది. వద్దన్నాను.

నవంబరు 1, మంగళవారం

 వరసగా రాయాలి.

కింది వీధి నుంచి మెట్లెక్కాను. నూటికి పైగా ఉన్నాయి. సగంలో మెట్లు పక్కకి తిరిగే చోట గోడ దగ్గర ఆగాను. చుక్క అక్కడే ఉంది, నాకు పదడుగుల దూరంలో. తల బయటపెట్టి చూశాను.

మెట్ల మీదికే తెరుచుకునే ఆకుపచ్చ ఇనప తలుపు. తలుపులో గడపకి అటువైపు పీట మీద ఒక ముసలావిడ, వీపు బయటికి పెట్టి కూర్చుంది. గడపకి ఇటువైపు మెట్టు మీద నా కూతురు. పుస్తకాల సంచీ కింద వేసుకుని, దాని మీద కూర్చుని, చేతులు మాత్రం లోపలికి చాపి ఆ తెల్లటి జుట్టుకి జడ వేస్తోంది. కుర్రాడు లేడు. కాఫీ లేదు.

"అమ్మా, గట్టిగా లాగకు" అంది ముసలావిడ.

"లాగట్లేదు తల్లీ. చిక్కు పడింది" అంది బదూర్.

ఆవిడ పక్కకి తిరిగింది. మున్జిర్ ముక్కే. ఇన్సాఫ్. మా ఆడపడుచు.

ఇక రాయక తప్పదు. ఆరేళ్ళ క్రితం మా అత్తగారు పోయిన మూడో రోజు, పరామర్శకి వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయి ఉంది. అంతమంది ముందు ఇన్సాఫ్ లేచి నిలబడి నా వైపు వేలు చూపించింది. "మా అమ్మని చంపింది దీని మందులే" అంది. పదకొండు నెలలు పూటపూటకీ గడియారం చూసి నా చేత్తో ఇచ్చిన మందులు. మున్జిర్ ఊగిపోయాడు. "ఇవాళ్టి నుంచి నా ఇంటి మనిషెవరైనా నీ గడప దాటితే నా పెళ్ళానికి తలాఖ్ అయిపోయినట్టే!" అని ప్రమాణం చేశాడు. నన్ను కాపాడుతున్నాననుకున్నాడు పాపం. నోరు ఆయనది, మెడ నాది. ఆ తర్వాత ఆవిడ భర్త తరఫు వాళ్ళ దగ్గరికి ఇర్బిద్ వెళ్ళిపోయింది. తిరిగి అమ్మాన్ వచ్చి ఈ మెట్ల మీది ఇంట్లో దిగిందని నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో బదూర్‌ని "అత్తా, ఇలా రా" అని నోరారా పిలిచేది. అందుకే ఆవిడ పేరు నా ఊహలోకి కూడా రాలేదు. ఆ మెసేజ్‌లు తల్లి కూతురికి రాసినవి కావు. కూతురు తల్లికి రాసుకున్నవి. అరవై రెండేళ్ళ మనిషి నా పదహారేళ్ళ పిల్లని చచ్చిపోయిన తన తల్లి అనుకుంటోంది.

నేను కనబడకుండా దిగి వచ్చేశాను.

నవంబరు 2, బుధవారం

అది గడప దాటిందా?

ఆ ప్రమాణం ప్రకారం అది ఒక్కసారి, ఒక్క అడుగు లోపల పెట్టి ఉంటే నేను ఈ ఇంట్లో పరాయిదాన్ని. కోపంలో అన్న మాట చెల్లదని కొందరంటారు. మున్జిర్ అలా తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. ఆరేళ్ళుగా అక్క ముఖమే చూడని మనిషి.

ఆయనతో చెప్పలేదు. చెబితే మొదట అడిగేది అదే.

నవంబరు 3, గురువారం

యాప్‌లో పాత రోజులన్నీ వెనక్కి తిప్పి చూశాను. చుక్క ప్రతిసారీ మెట్ల మీదే. కానీ ఐదారడుగులు అటూ ఇటూ చూపిస్తుందని పెట్టిన రోజే మున్జిర్ చెప్పాడు. నా కాపురం ఇప్పుడు ఆ ఐదారడుగుల్లో ఉంది.

దాని మీద కోపమూ వస్తోంది. నా చేతి మందుని విషమన్న మనిషి జుట్టు దువ్వుతోంది. పరామర్శ రోజు ఇది నా పక్కనే ఉంది. పదేళ్ళ పిల్ల, అన్నీ విన్నది.

నవంబరు 6, ఆదివారం

ఈ ఏటి మొదటి వాన. షాపులో అందరూ గుమ్మంలోకి వెళ్ళి చూస్తున్నారు, మట్టివాసన అని మురిసిపోతున్నారు. నేను ఫోను తీశాను. మూడూ పది. చుక్క మెట్ల మీద ఉంది.

మూడున్నర. వాన పెద్దదైంది. చుక్క కదల్లేదు.

ఖౌలాకి తాళాలిచ్చి గొడుగు పట్టుకుని పరుగెత్తాను. టాక్సీవాడు నీళ్ళకి కిందే ఆపేశాడు. మెట్ల మీద నీళ్ళు కాలవలా దిగుతున్నాయి. తలుపులో ఇన్సాఫ్ కంబళి కప్పుకుని వెచ్చగా కూర్చుంది. బయట మెట్టు మీద బదూర్, తల మీద ప్లాస్టిక్ సంచి పట్టుకుని, ఏదో పద్యం వల్లె వేయిస్తోంది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది.

అనుకున్నవన్నీ ఎగిరిపోయాయి. "తడిసి ముద్దయ్యావు కదే! లోపలికి వెళ్ళొచ్చు కదా!" అని అరిచాను.

అది నన్ను చూసి లేచింది. భయపడలేదు. అలసిపోయినట్టు చూసింది.

"వెళ్ళకూడదు. వెళ్తే నువ్వు మాకుండవుగా."

నేను మెట్టు మీద కూలబడ్డాను, నీళ్ళలోనే.

"ఒక్కసారి కూడా దాటలేదమ్మా. నిజం. ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా. చేతులే లోపల పెడతాను. చేతులు పరవాలేదు కదా? అడగడానికి ఎవరూ లేరు."

ఏప్రిల్లో ఒక రోజు దాని ఫోనుకి మెసేజ్ వచ్చిందట, "అమ్మా, ఎక్కడున్నావు, బడి దగ్గరే ఉన్నాను, నన్ను తీసుకెళ్ళవా" అని. ఇన్సాఫ్‌కి అన్నీ పోయినా తల్లి నంబరు మాత్రం గుర్తుంది.

"తప్పు నంబరని రాసెయ్యాల్సింది" అన్నాను.

"అదే రాయబోయాను. తప్పు నంబరు కాదుగా అమ్మా. నానమ్మదేగా."

పక్కింటావిడ వచ్చి ఇన్సాఫ్‌ని లోపలికి తీసుకెళ్ళింది, రోజూ ఆవిడే చూసుకుంటుందట. ఇన్సాఫ్ వెళ్తూ వెళ్తూ "అమ్మా, ఈవిడెవరు?" అంది.

దిగేటప్పుడు బదూర్ అడిగింది. "నేనిక్కడున్నానని నీకెలా తెలిసింది?"

"ఖౌలా చూసిందట."

వానలో తడిసిన పిల్లతో అబద్ధమాడాను.

నవంబరు 7, సోమవారం

చెప్పేశాను. యాప్, మెసేజ్‌లు, నెల రోజులు. వంటింట్లో నిలబడి విన్నది. అరుస్తుందనుకున్నాను.

"రవ్వ డబ్బాలో నీ పుస్తకం ఉంటుందని నాకు రెండేళ్ళుగా తెలుసు" అంది.

 "చదివావా?"

"అది నీది కదా."

గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. దభాలున వేసినా బాగుండేది. నేను బయటే నిలబడ్డాను. తట్టడానికి చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి చూసి సిగ్గేసి దించేశాను.

నవంబరు 8, మంగళవారం

మున్జిర్‌కి అంతా చెప్పాను. గడప దాటలేదని ముందు చెప్పి తర్వాత మిగతాది చెప్పాను. వింటూ వింటూ జేబులోంచి తన ఫోను తీసి నా ముందు పెట్టాడు. మ్యాపు తెరిచే ఉంది. నీలం చుక్క.

"తీసేశానన్నావు!"

"అన్నాను."

అక్క ఇర్బిద్ నుంచి తిరిగొచ్చి ఆ మెట్ల మీది ఇంట్లో ఉంటోందనీ మతి పోతోందనీ వసంతంలోనే ఎవరో చెప్పారట. మొదటి ఆదివారం మ్యాపు చూడగానే తెలిసిపోయిందట. "నేను వెళ్ళలేను. నా నోరే నాకు అడ్డం. ఇది వెళ్తోంది. వెళ్ళనీ అనుకున్నాను. మూడింటికి ఆఫీసులో టీ తెప్పించుకుని ఆ చుక్కని చూస్తూ తాగేవాణ్ణి. అక్క దగ్గర కూర్చున్నట్టుండేది."

"గడప దాటిందేమోనని భయం వేయలేదా?"

"ప్రతిరోజూ వేసింది."

"మరి పిల్లని నమ్మాలి, నమ్మాలి అన్నావే నాతో! నేనూ దొంగతనంగానే చూశాను, నువ్వూ దొంగతనంగానే చూశావు. నీ దొంగతనానికి మాత్రం పెద్ద పేరు పెట్టుకున్నావు."

 కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. ఆవిడ నన్నన్న మాట ఆవిడకే గుర్తులేదు. ఆ మాట మోస్తున్నదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. దింపుకోవాలంటే ఎవరి ముందు దింపను?

నవంబరు 10, గురువారం

మున్జిర్ ఆఫీసు మానేశాడు. సంచి నిండా వంకాయలు, రెండు కోళ్ళు తెచ్చి వంటింట్లో పెట్టాడు.

"పదిమందికి మక్లూబా వండుతావా?"

"ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రారు."

పది. అప్పుడర్థమైంది. నిన్న ఇమాం దగ్గరికి వెళ్ళాడన్నమాట. నోటితో చేసిన ప్రమాణం వెనక్కి తీసుకోవాలంటే పదిమంది పేదవాళ్ళకి అన్నం పెట్టాలి. ఆరేళ్ళుగా ఇంత దగ్గర్లో ఉంది ఆ దారి. ఆయన అడగలేదు. నేనూ అడగమనలేదు. ఆ ప్రమాణం నాకూ కాస్త హాయిగానే ఉండేదేమో.

"తలాఖ్ నా మీద వేశావు, దాన్ని విప్పే వంట కూడా నేనే చెయ్యాలా?" అన్నాను.

"నేను వేయిస్తాను వంకాయలు. నువ్వు చూస్తూ ఉండు" అన్నాడు. సగం మాడ్చాడు. బదూర్ గదిలోంచి వచ్చి, మాతో మాట్లాడకుండా, మాడినవి ఏరి పక్కన పెట్టింది. కోడి, వంకాయ, అన్నం పొరలుగా ఉడికిన కుండని పెద్ద పళ్ళెంలోకి బోర్లించేటప్పుడు ముగ్గురం పట్టుకున్నాం. విరగకుండా దిగింది. పది పొట్లాలు కట్టి, కూలీలు నిలబడే కూడలికి మున్జిరే తీసుకెళ్ళాడు. ఎవరూ అడక్కుండానే నేను పదకొండోది కూడా కట్టాను.

నవంబరు 11, శుక్రవారం

ప్రార్థన అయ్యాక ముగ్గురం మెట్లెక్కాం. పదకొండో పొట్లం నా చేతిలో.

తలుపు తీసే ఉంది. బదూర్ రోజూ కూర్చునే మెట్టు దగ్గర ఆగి తండ్రి వైపు చూసింది. "వెళ్ళు నాన్నా" అన్నాడు. అది బూట్లు విప్పింది. కుడికాలు ఎత్తి, గడప మీంచి, నీళ్ళలో పెడుతున్నట్టు మెల్లగా లోపల పెట్టింది. నేను నా చేతికున్న పెళ్ళి ఉంగరం పట్టుకుని నిలబడ్డాను. ఏమీ కాలేదు.

ఇన్సాఫ్ మున్జిర్‌ని చూసి ముఖం చిట్లించింది. "బడి ఎగ్గొట్టి వచ్చావా? అమ్మా, వీణ్ణి కొట్టకు, నేను చదివిస్తాలే." ఆయన ఆవిడ మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. జుట్టు నెరిసిన మనిషి.

నేను అన్నం పళ్ళెంలో పెట్టి తెచ్చాను. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వెవరమ్మాయ్?"

పేరు నోటి దాకా వచ్చింది. "మందుల షాపులో పనిచేస్తానండీ" అన్నాను.

"మందులా?" అని కాసేపు నమిలింది. "మా అమ్మకి మందులిచ్చేది మా తమ్ముడి పెళ్ళాం. గడియారం చూసి ఇస్తుంది. ఒక్క పూట తప్పదు. ఆ పిల్ల లేకపోతే మా అమ్మ ఎప్పుడో పోయేది."

నేను నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నీళ్ళు తేవడానికి చాలాసేపు పట్టింది.

తిరిగొచ్చేసరికి మున్జిర్ ఫోను చూస్తున్నాడు. నాకు చూపించాడు. నీలం చుక్క మెట్ల మీద లేదు. ఇంట్లో ఉంది. బదూర్ మా ఇద్దరి వెనకా నిలబడి తనూ చూసింది. "అయిందా చూడటం?" అంది. ముందు మా ఇద్దరి ఫోన్లు, తర్వాత తనది తీసుకుని మూడింటిలోనూ ఆ యాప్ తనే తీసేసింది. మేం ఇచ్చాం.

నవంబరు 13, ఆదివారం

బదూర్ ఐదింటికి వచ్చింది. ఇన్సాఫ్ దగ్గరికి వెళ్తే నాలుగున్నరకే రావాలి.

"ఎక్కడికెళ్ళావు?"

"చెప్పను" అంది. నవ్వుతూనే అంది.

నా చెయ్యి ఫోను వైపు వెళ్ళింది. అందులో ఇప్పుడు ఏమీ లేదు. సింకు వైపు కాకుండా దాని వైపు తిరిగి "తిన్నావా?" అని అడిగాను. లేదంది. అన్నం వేడి చేశాను.